రివెట్టు కొట్టింది రీనో దర్జీ: లీవైస్ ప్యాంటు పుట్టిన కథ

ఫ్యాషన్ డిజైన్ చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: “లీవైస్ జీన్స్ మీద కాలేజీ ప్రాజెక్టు రాస్తున్నాను. బంగారం తవ్వడానికి కాలిఫోర్నియా వెళ్లిన లీవై స్ట్రాస్, అమ్ముడుపోని గుడారం గుడ్డతో కూలీలకు ప్యాంట్లు కుట్టాడని చదివాను. ఇది నిజమేనా? జేబుల మూలల్లో రాగి రివెట్లు ఎందుకు? కుడిపక్క ఆ బుల్లి జేబు దేనికి? జీన్స్ కనిపెట్టింది ఎవరని రాయాలి?”

నాది రాయదుర్గం. దారాలు కత్తిరించే కుర్రాడిగా జీన్స్ పనిలో చేరాను. బళ్లారిలో మిషన్ మీద కూర్చున్నాను, తర్వాత కటింగ్ మాస్టరునయ్యాను. ఇప్పుడు మా ఊళ్లోనే చిన్న యూనిట్ నడుపుతున్నాను. మొత్తం మీద ముప్పయ్యేళ్లు దాటింది. ఇన్నేళ్లలో నా చేతుల మీదుగా పోయిన ప్రతి ప్యాంటులోనూ ఒక దర్జీ ఆలోచన ఉంది. ఆ దర్జీ పేరు మన పనివాళ్లలో చాలామందికి తెలియదు. అందుకని కాస్త వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

గుడారం గుడ్డ కథ నిజం కాదు. లీవై స్ట్రాస్ బంగారం తవ్వలేదు, ఆయన దర్జీ కూడా కాదు. బట్టల టోకు వ్యాపారి. జేబు మూలల్లో రివెట్టు (గుడ్డ పొరలను బిగించి పట్టే లోహపు బిళ్ల) కొట్టాలన్న ఆలోచన నెవాడా రాష్ట్రంలో, రీనో అనే ఊళ్లో దుకాణం పెట్టుకున్న జేకబ్ డేవిస్ అనే దర్జీది. ఆ ప్యాంటును ఊరు దాటించి పడమటి రాష్ట్రాలంతటా నడిపించిన పెట్టుబడి, వ్యాపార దక్షత స్ట్రాస్‌వి. ఇద్దరిలో ఎవరు లేకపోయినా మనం ఇప్పుడు మాట్లాడుకునే ప్యాంటు ఉండేది కాదు. కానీ పేరు మాత్రం ఒకరికే మిగిలింది.

మరి గుడారం కథ ఎక్కణ్ణించి వచ్చింది? 1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద భూకంపం వచ్చింది. వెనకే మంటలు లేచాయి. కంపెనీ ప్రధాన కార్యాలయం, ఫ్యాక్టరీ, వాటితో పాటు పాత లెక్కలు, ఉత్తరాలు కాలిపోయాయి. కాగితాలు లేని చోట కథలు మొలుస్తాయి. పైగా డేవిస్ మొదట్లో వాడిన ‘డక్’ అనే మందపాటి తెల్లగుడ్డ నిజంగానే గుడారాలకు, బండి కప్పులకు వాడే జాతి గుడ్డ. నీలం డెనిమ్‌తో పాటు గోధుమరంగు డక్‌తోనూ కంపెనీ తొలినాళ్లలో ప్యాంట్లు కుట్టించింది. ఈ రెండు ముక్కలూ కలిసి గుడారం కథ అయ్యుంటుందని నా అభిప్రాయం.

ఇక స్ట్రాస్ సంగతి. ఆయన 1829లో జర్మనీలోని బవేరియా ప్రాంతంలో బుట్టెన్‌హైమ్ అనే పల్లెలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. పుట్టినప్పటి పేరు లోబ్. తండ్రి ఊరూరా తిరిగి సరుకులమ్మేవాడు, క్షయ సోకి 1846లో పోయాడు. మరుసటి ఏడే తల్లి, అక్కచెల్లెళ్లతో కలిసి లోబ్ న్యూయార్క్ చేరాడు. సవతి అన్నలు జోనస్, లూయిస్ అప్పటికే అక్కడ బట్టల వ్యాపారంలో ఉన్నారు. వాళ్ల దగ్గర పని నేర్చుకున్నాడు. 1853లో అమెరికా పౌరసత్వం వచ్చింది, అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాడు. బంగారం కోసం జనం పోటెత్తిన మాట నిజం. స్ట్రాస్ మాత్రం అక్కడ టోకు కొట్టు తెరిచాడు. తానులు, దుప్పట్లు, చేతిరుమాళ్లు, లోదుస్తులు న్యూయార్క్ నుంచి అన్నలు పంపితే, పడమటి రాష్ట్రాల్లోని చిన్న చిన్న దుకాణాలకు అమ్మేవాడు. బావ డేవిడ్ స్టెర్న్ కూడా కలిశాడు. 1863లో కొట్టుకు ‘లీవై స్ట్రాస్ అండ్ కో’ అని పేరు పెట్టారు. అంటే రివెట్టు ప్యాంటు రావడానికి పదేళ్ల ముందే ఈ కంపెనీ ఉంది. మీ ప్రాజెక్టులో ఈ తేడా తప్పకుండా చూపించండి. కంపెనీ వయసు వేరు, ప్యాంటు వయసు వేరు.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం.

జేకబ్ డేవిస్ 1831లో రీగాలో పుట్టాడు. ఇప్పుడది లాత్వియా రాజధాని, అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో ఉండేది. ఆయన కూడా యూదుడే. ఇంటిపేరు యూఫెస్. అమెరికా వచ్చాక డేవిస్ అని మార్చుకున్నాడు. దర్జీపని నేర్చినవాడే గానీ ఒకచోట కుదురుకోలేదు. ఎన్నో ఊళ్లు తిరిగాడు, కెనడా దాకా వెళ్లాడు, బీరు తయారీలో డబ్బు పెట్టి పోగొట్టుకున్నాడు. చివరికి 1860ల ఆఖర్లో రీనో చేరి మళ్లీ సూది పట్టాడు. అది రైలుదారి పడ్డాక కొత్తగా లేచిన ఊరు. అక్కడ సూట్లు కుట్టించుకునేవాళ్లు ఎందరుంటారు? బండ్లకు కప్పులు, గుర్రాలకు దుప్పట్లు, గుడారాలు, ఇవీ ఆయనకు దొరికిన పనులు. గుర్రం దుప్పటికి తోలు పట్టీలు బిగించడానికి రాగి రివెట్లు వాడేవాడు. గుడ్డ ఆయన ఎక్కణ్ణించి తెప్పించుకునేవాడో తెలుసా? శాన్‌ఫ్రాన్సిస్కోలో స్ట్రాస్ కొట్టు నుంచే.

1870 చివర, లేదా 1871 మొదట్లో ఒకామె దుకాణానికి వచ్చింది. మొగుడు కట్టెలు కొట్టేవాడు, భారీ మనిషి. ఏ ప్యాంటు తెచ్చినా చిరిగిపోతోంది, చిరగనిది కుట్టి పెట్టమంది. మూడు డాలర్లకు బేరం కుదిరింది. డేవిస్ తెల్లటి డక్ గుడ్డతో కుట్టాడు. కుట్టడం అయ్యాక బల్ల మీద గుర్రం పట్టీలకు వాడే రివెట్లు కనిపించాయి. జేబుల మూలలు నిలబడాలంటే ఇవి కొడితే ఎలా ఉంటుందనిపించింది. కొట్టాడు. అంతే.

అంతే అంటున్నాను గానీ, ఆ ఒక్క దెబ్బ ఎంత గొప్పదో ప్యాంట్లు కుట్టేవాడికి తెలుస్తుంది. జేబులో చెయ్యి పెట్టిన ప్రతిసారీ, పనిముట్టు దోపిన ప్రతిసారీ, గొంతుకూర్చున్న ప్రతిసారీ లాగుడంతా జేబు నోటి చివర ఒక్క బిందువు మీదే పడుతుంది. మామూలు దర్జీ అక్కడ ఇంకో నాలుగు కుట్లు ఎక్కువ వేస్తాడు. కానీ ప్రతి కుట్టూ గుడ్డకు ఒక బెజ్జం. కుట్లు దగ్గర దగ్గరగా పడితే గుడ్డ కూపన్ కాగితంలా అక్కడే చినగడానికి సిద్ధమవుతుంది. దారం గట్టిదైతే గుడ్డ పోతుంది, గుడ్డ గట్టిదైతే దారం పోతుంది. రివెట్టు అలా కాదు. ఒకే ఒక్క బెజ్జం. పైన ఒక బిళ్ల, కింద ఒక బిళ్ల, మధ్యలో మూడు నాలుగు పొరల గుడ్డను గట్టిగా నొక్కి పట్టుకుంటుంది. లాగుడు దారం మీద కాకుండా ఆ బిళ్ల వెడల్పంతా పరుచుకుంటుంది. మనం ఇప్పుడు బార్‌టాక్ మిషన్‌తో క్షణంలో వేసే బలమైన కుట్టు ఆయన కాలంలో లేదు. ఉన్న పనిముట్లలోంచే దారి వెతుక్కున్నాడు.

రాగి ఎందుకంటే, తుప్పు పట్టదు. ఇది నాకు నష్టపోయి తెలిసిన పాఠం. యూనిట్ పెట్టిన కొత్తలో ధర తక్కువని ఒక సరఫరాదారు దగ్గర రాగిపూత పూసిన ఇనుప రివెట్లు కొన్నాను. వాషింగ్ యూనిట్ నుంచి సరుకు తిరిగొచ్చేసరికి ప్రతి జేబు మూలా తుప్పు మరక. ఒక లాట్ మొత్తం సెకండ్స్ కింద, అంటే లోపమున్న సరుకు కింద పోయింది. చెమట, వాన, బురద మధ్య పని చేసే మనిషికి కుట్టేవాడు రాగినే ఎంచుకోవడం యాదృచ్ఛికం అనుకుందామన్నా, ఆ ఎంపిక సరైనది.

రీనోలో ఆ ప్యాంటు మాట నోటినోటా పాకింది. కట్టెలు కొట్టేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు, రైలుపట్టాలు వేసేవాళ్లు వచ్చి అదే కావాలన్నారు. ఏడాదిన్నరలో డేవిస్ సుమారు 200 ప్యాంట్లు అమ్మాడు. ఇప్పుడు ఇరవై మిషన్ల యూనిట్‌లో అది ఒక రోజు పని కూడా కాదు. ఒక్క మనిషి చిన్న దుకాణంలో కుట్టడమంటే చిన్న మాట కాదు. వెంటనే భయం కూడా మొదలైంది. చుట్టుపక్కల దర్జీలు కాపీ కొడతారేమోనని. ఈ భయం మాకు బాగా తెలుసు. రాయదుర్గంలో సోమవారం కొత్త మోడల్ వేస్తే శుక్రవారానికల్లా పక్కవీధిలో అదే వేలాడుతుంటుంది.

పేటెంటు తీసుకోవాలంటే 68 డాలర్లు కావాలి. అప్పటికే వేరే ఆలోచనల పేటెంట్ల మీద ఆయన డబ్బు పోసి ఉన్నాడు. ఇక ఇంట్లో డబ్బు తగలెయ్యొద్దని భార్య గట్టిగా చెప్పింది. అప్పుడు 1872 జులైలో, తాను గుడ్డ కొనే స్ట్రాస్ కొట్టుకు ఉత్తరం రాశాడు. రెండు ప్యాంట్లు నమూనాగా పంపాడు. ఈ ప్యాంట్ల రహస్యం జేబులకు వేసిన రివెట్లేననీ, అడిగినవాళ్లకు కుట్టి ఇవ్వలేకపోతున్నాననీ, పేటెంటు ఖర్చు మీరు పెట్టుకుంటే హక్కులో మీకూ భాగం ఇస్తాననీ దాని సారాంశం. ఆ ఉత్తరం ఇంగ్లీషు నిండా అక్షరదోషాలే. కానీ అందులో వ్యాపారం ఉంది, ధైర్యం ఉంది. తన రహస్యాన్ని తనకన్నా ఎన్నో రెట్లు పెద్ద వ్యాపారికి నమూనాతో సహా పంపడమంటే మాటలా? స్ట్రాస్ తలచుకుంటే ఆ రెండు ప్యాంట్లూ విప్పి చూసి, తనే పేటెంటు వేసుకోగలడు. వేసుకోలేదు. ఆయన పట్ల నాకున్న గౌరవమంతా ఇక్కడే ఉంది.

పేటెంటు తేలిగ్గా రాలేదు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో సైనికుల బూట్లకే రివెట్లు వాడారు గనక ఇందులో కొత్తదనం లేదని అధికారులు తిప్పి పంపారు. మాటలు మార్చి, హక్కును జేబు నోళ్ల వరకే కుదించి మళ్లీ మళ్లీ దాఖలు చేశారు. చివరికి 1873 మే 20న వచ్చింది. సంఖ్య 1,39,121. పేటెంటు శీర్షికలో ప్యాంటు అనే మాటే లేదు. జేబు నోళ్లు బిగించే పద్ధతిలో మెరుగుదల అని మాత్రమే ఉంది. మామూలు మాటల్లో మనం దాన్ని జీన్స్ పుట్టినరోజు అంటాం, అది సబబే. కానీ డెనిమ్ గుడ్డనూ ఆ ప్యాంటు కోతనూ వీళ్లెవరూ కనిపెట్టలేదు. నీలం డెనిమ్ ప్యాంట్లు అంతకు ముందే కూలీలు తొడుక్కునేవారు. కొత్తగా వచ్చింది రివెట్టు.

డేవిస్ రీనోలో దుకాణం మూసి భార్యాబిడ్డలతో శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. తయారీ మొత్తం ఆయన చేతికింద పెట్టారు. మొదట కోసిన గుడ్డను ఇళ్లలో కుట్టే ఆడవాళ్లకు ఇచ్చేవారు, ఆ తర్వాత ఫ్యాక్టరీ పెట్టారు. అంటే ఆయన ఆలోచన అమ్మేసి తప్పుకోలేదు. 1908లో చనిపోయేదాకా ఆ కంపెనీ పనిలోనే జీవితం గడిచింది. వెనక ఒకటే జేబు, దాని మీద నారింజరంగు దారంతో రెండు వంపుల కుట్టు, నడుం వెనక బిగించుకునే పట్టీ, పైన సస్పెండర్లకు (భుజాల మీదుగా ప్యాంటును పట్టి ఉంచే పట్టీలకు) గుండీలు, ఇవీ తొలినాటి ప్యాంటు గుర్తులు. బెల్టు లూప్స్ లేవు. అవి 1922లో వచ్చాయి. దాన్ని జీన్స్ అని కూడా అనేవారు కాదు. ‘వెయిస్ట్ ఓవరాల్స్’ అనేవారు, అంటే నడుం దాకా ఉండే పనిబట్ట. జీన్స్ అన్న మాటను కంపెనీ తన ప్రకటనల్లో వాడడం 1960 ప్రాంతంలోనే మొదలైంది.

ఇక్కడ గుడ్డ గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ఇప్పుడు మనం జీన్స్, డెనిమ్ అని ఒకే అర్థంలో వాడుతున్నాం గానీ ఆ రోజుల్లో అవి రెండు వేర్వేరు గుడ్డలు. జీన్ అంటే పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డదారాలు) రెండూ ఒకే రంగులో ఉండే గుడ్డ. ఇటలీలోని జెనోవా రేవు పేరు మీద ఆ మాట వచ్చింది. డెనిమ్‌లో పడుగు నీలం, పేక తెలుపు. ఫ్రాన్సులోని నీమ్ పట్టణం పేరు మీద వచ్చిందని సాధారణంగా చెబుతారు. నేతలో పడుగు పైకి ఎక్కువగా తేలుతుంది, అందుకే బయట నీలం, లోపల తెల్లగా కనిపిస్తుంది. మీ ప్యాంటు అంచు మడిచి చూడండి, ఇట్టే తెలుస్తుంది. స్ట్రాస్ కంపెనీ తొలి డెనిమ్‌ను న్యూహాంప్‌షైర్ రాష్ట్రం మాంచెస్టర్‌లోని ఆమస్కెగ్ మిల్లు నుంచి తెప్పించింది. 1915లో నార్త్ కరోలినాలోని కోన్ మిల్స్ దగ్గర కొనడం మొదలుపెట్టింది. గ్రీన్స్‌బరోలో ఆ సంస్థ నడిపిన వైట్ ఓక్ మిల్లు 1905లో మొదలై 2017 డిసెంబరు 31న మూతపడింది. ఆ మిల్లు ఆగిపోయిందన్న వార్త వచ్చిన రోజు బళ్లారిలో మేం నలుగురం పాత పనివాళ్లం చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం. ఆ మిల్లును మేమెవరం కళ్లతో చూసింది లేదు. అయినా బాధనిపించింది.

నీలిరంగు ఎందుకంటే, నీలిమందు దారం లోపలిదాకా ఇంకదు. తొట్టిలో ముంచి తీసినప్పుడు దారం పసుపుపచ్చగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ నీలంగా మారుతుంది. మళ్లీ ముంచుతారు, మళ్లీ గాలికి పెడతారు. ఎన్నిసార్లు ముంచినా పైపొరల మీదే రంగు పేరుకుంటుంది, నడిమి పోగు తెల్లగానే ఉండిపోతుంది. అందుకే మోకాళ్ల దగ్గర, తొడల మీద రాపిడికి నీలం రాలి తెలుపు బయటపడుతుంది. జీన్స్ పాతబడేకొద్దీ తొడుక్కున్న మనిషి ఒంటి గుర్తులు దాని మీద పడేది ఈ కారణం వల్లే. మనకు దీనితో పాత చుట్టరికం ఉంది. కృత్రిమ నీలిమందు 1897లో జర్మనీ నుంచి బజారులోకి వచ్చేదాకా ప్రపంచానికి నీలం అంటే ఎక్కువగా మొక్క నుంచి తీసిందే. మన కడప, నెల్లూరు, కర్నూలు ప్రాంతాల రైతులు నీలిచెట్టు పండించేవారు, సరుకు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కేది. మా తాతలనాటి మాటల్లో నీలిమందు తొట్ల ప్రస్తావన వచ్చేది. ఆ నీలం అమెరికా ప్యాంట్లదాకా పోయిందని నేను చెప్పను. ఆ రంగు మనకు పరాయిది కాదని మాత్రం చెబుతాను.

రెండు గుర్రాలు ప్యాంటును చెరోపక్కకు లాగుతున్న బొమ్మ 1886 నుంచి తోలు చీటీ మీద వచ్చింది. అది అలంకారం కాదు. కొనేవాళ్లలో ఇంగ్లీషు చదవలేనివాళ్లు ఎందరో. రెండు గుర్రాల ప్యాంటు ఇవ్వమని అడిగితే చాలు. పైగా 1890లో పేటెంటు గడువు తీరిపోతుంది, ఎవరైనా రివెట్టు కొట్టుకోవచ్చు. అప్పటికల్లా జనం కళ్లలో గుర్తు పాతుకుపోవాలి. ఆ లెక్క ఫలించింది. 1890లోనే ఆ ప్యాంటుకు 501 అన్న లాట్ నంబరు పడింది. చాలామంది ఈ అంకె వెనక ఏదో రహస్యం ఉందనుకుంటారు. మా గోడౌన్‌లో మూటల మీద రాసే లాట్ నంబరు లాంటిదే అది.

ఒక చేదు సంగతి కూడా మీ ప్రాజెక్టులో ఉండాలి. 1882లో అమెరికా చైనా కూలీల రాకను నిషేధిస్తూ చట్టం చేసింది. పడమటి తీరంలో చైనావాళ్ల మీద ద్వేషం అప్పటికే బాగా ముదిరింది. ఆ రోజుల్లో ఈ కంపెనీ తన ప్యాంట్ల జేబు లోపలి గుడ్డ మీద, తెల్లవాళ్ల శ్రమతోనే తయారైన సరుకు ఇదొక్కటే అని అచ్చు వేసింది. 2022లో న్యూమెక్సికోలో 1880ల నాటి ఒక ప్యాంటు వేలానికొచ్చింది. పాడుబడిన గనిలో దొరికింది. కొనుగోలుదారు రుసుముతో కలిపి 87,400 డాలర్లు పలికింది. దాని జేబు లోపల కూడా ఆ మాటలున్నాయి. 1890లలో కంపెనీ ఆ విధానం వదిలేసింది. రీగా నుంచి, బవేరియా నుంచి వలస వచ్చిన ఇద్దరు యూదుల చేతుల్లో పుట్టిన ప్యాంటు మీద ఆ మాట ఉండడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. వలస కూలీల చేతుల మీదే నడిచే పని మాది. బళ్లారిలో నా పక్క మిషన్ మీద బీహారు కుర్రాడు కూర్చునేవాడు. దాచకుండా రాయండి.

స్ట్రాస్ 1902లో పోయాడు. పెళ్లి చేసుకోలేదు. వ్యాపారం స్టెర్న్ మేనల్లుళ్లకు దక్కింది. 1897లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 28 విద్యార్థివేతనాలకు డబ్బిచ్చాడు. భూకంపం తర్వాత కంపెనీ తన పనివాళ్లకు జీతాలు ఆపలేదు, నష్టపోయిన చిల్లర వ్యాపారులకు అప్పు మీద సరుకిచ్చింది. కొత్త ఫ్యాక్టరీని వలెన్సియా వీధిలో కట్టారు, అది 2002 దాకా నడిచింది. డేవిస్ కొడుకు సైమన్ కూడా తండ్రి తర్వాత అదే పనిలో ఉన్నాడు. 1912లో పిల్లలు ఆడుకోవడానికి వేసే ఒంటిముక్క బట్ట ‘కవరాల్స్’ రూపొందించింది ఆయనే. పడమటి రాష్ట్రాలు దాటి దేశమంతా అమ్ముడుపోయిన ఈ కంపెనీ తొలి సరుకు అది. మనవడు బెన్ డేవిస్ 1935లో సొంత పేరుతో పనిబట్టల కంపెనీ పెట్టాడు. చేతిపని ఆ ఇంట్లో మూడు తరాలు నిలబడింది.

తర్వాతి మార్పులు త్వరగా చెబుతాను. రెండో వెనక జేబు 1901లో వచ్చింది. ఆడవాళ్లకు ప్రత్యేకంగా 701 నంబరుతో 1934లో మొదలుపెట్టారు. 1936లో వెనక కుడి జేబు అంచున ఎర్ర చీటీ కుట్టారు, దూరం నుంచి గుర్తుపట్టడానికి. వెనక జేబుల రివెట్లు గుర్రపు జీనులను, కుర్చీలను గీకుతున్నాయని ఫిర్యాదులొస్తే 1937లో వాటి మీదుగా గుడ్డ కప్పి కుట్టారు. 1966లో వాటిని తీసేసి బార్‌టాక్ వేశారు.

రెండో ప్రపంచయుద్ధం నాటి ముచ్చట ఒకటి మాత్రం ఆగి చెప్పాల్సిందే. లోహం, దారం, గుడ్డ పొదుపు చెయ్యాలని ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. బుల్లి జేబు రివెట్లు, కాళ్ల మధ్య రివెట్టు, వెనక బిగింపు పట్టీ పోయాయి. వెనక జేబుల మీది వంపుల కుట్టు కేవలం అందానికే గనక దానికి దారం వాడకూడదన్నారు. ఆ గుర్తు పోతే తమ ప్యాంటు తమది కాకుండా పోతుందని కంపెనీ ఆ రెండు వంపులనూ రంగుతో చేత్తో గీయించింది. ఉతుకుల్లో పోతుందని తెలిసీ గీయించింది. నాకు ఈ ఘట్టం ఎన్నిసార్లు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. చేసిన పని మీద చేసినవాడి సంతకం లాంటిది ఆ కుట్టు.

యుద్ధం తర్వాత కుర్రకారు దాన్ని తొడుక్కోవడం, సినిమా తారల వల్ల ఊపందుకోవడం మీ పుస్తకాల్లో దండిగా దొరుకుతుంది. 1971లో కంపెనీ షేరు మార్కెట్టుకెక్కింది, 1985లో కుటుంబం మళ్లీ షేర్లన్నీ వెనక్కి కొనుక్కుంది, 2019లో తిరిగి మార్కెట్టుకొచ్చింది. 1996లో అమ్మకాలు 710 కోట్ల డాలర్లకు చేరి, అక్కణ్ణించి పడ్డాయి. చవక కూలీ దేశాలకు పని తరలింది. అమెరికాలో సొంత కుట్టు ఫ్యాక్టరీలన్నీ ఒక్కొక్కటే మూసుకుపోయాయి, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో చివరివి 2003-04 ప్రాంతంలో ఆగిపోయాయి. అక్కడ పని పోయినవాళ్లలో ఎక్కువమంది మిషన్ మీద బతికే ఆడవాళ్లు. అక్కడ తరిగిన పనిలో కొంత ఆసియాకు వచ్చింది. మాకు అన్నం పెట్టిన మార్పు ఇంకొకరి కంచం లాగిందన్న సంగతి నేను మరిచిపోలేను.

మీరడిగిన బుల్లి జేబు. అది గడియారానికి. చేతిగడియారాలు ఇంకా వాడుకలోకి రాని కాలం, గొలుసు గడియారం జేబులో పెట్టుకునేవారు. కంపెనీ దగ్గర భద్రంగా ఉన్న 1879 నాటి ప్యాంటులోనే అది ఉంది. రెండో వెనక జేబు కన్నా అది ముందే పుట్టింది. ప్యాటర్న్ గీసేటప్పుడు పిల్లలు దీన్ని తీసేద్దామా సార్ అని అడుగుతుంటారు, ముక్క కోసే పని తగ్గుతుందని. నేను ఒప్పుకోను.

ఇక చివరి ప్రశ్న, ఎవరి పేరు రాయాలి అన్నది. పేటెంటు కాగితం చూసి రాయండి. అందులో ఆవిష్కర్త స్థానంలో ఉన్నది జేకబ్ డబ్ల్యూ. డేవిస్, రీనో, నెవాడా. హక్కుదారులుగా ఆయనా, శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన లీవై స్ట్రాస్ అండ్ కంపెనీ. మీ ప్రాజెక్టులోనూ ఆ వరసలోనే, మొదట దర్జీ, తర్వాత వ్యాపారి, అలా రాయండి.